బంతి గీత దాటింది, గోలు నిలిచింది

2024 జూన్ 11 రాత్రి విజయవాడకు ఫుట్‌బాల్‌ను పట్టించుకునే తీరిక లేదు. తెల్లారితే గన్నవరం పక్కన కేసరపల్లిలో చంద్రబాబు ప్రమాణస్వీకారం. అవతల అమెరికాలో టీ20 ప్రపంచకప్ నడుస్తోంది. రెండు రోజుల కిందటే న్యూయార్క్‌లో పాకిస్తాన్ మీద ఆరు పరుగుల తేడాతో గట్టెక్కాం. ‘కల్కి’ ట్రైలర్ వచ్చి ఒక్కరోజే అయింది. ఇన్నింటి మధ్య ఖతార్‌లో భారత జట్టు ప్రపంచకప్ క్వాలిఫయర్ ఆడుతోందన్న సంగతి బీసెంట్ రోడ్డులో పదిమందిని ఆపి అడిగితే ఎందరికి తెలిసేదో అనుమానమే. కానీ ఆ మ్యాచ్‌లో పడిన ఒక గోలు, ఆట చూడనివాళ్ళ ఫోన్లలోకి కూడా తెల్లారేసరికి వచ్చి కూర్చుంది. ఓట్లూ కలెక్షన్లూ క్రికెట్టూ తప్ప మరో విషయం మీద గొంతు పెంచని గవర్నర్‌పేటలో కూడా ఆ గోలు మీద రెండు పక్షాలు తేలాయి. పట్టపగలు దోచుకున్నారని ఒక పక్షం. ఓడాల్సిన జట్టే ఓడింది, దానికి ఏడుపెందుకని ఇంకో పక్షం. రెండో పక్షం మాటలు తెలివైనవిగా వినిపిస్తాయి, ఆత్మవిమర్శలా ఉంటాయి, అందుకే త్వరగా నెగ్గుతాయి. నాకు మాత్రం ఆ రెండో పక్షంలోనే ఎక్కువ తప్పు కనబడుతోంది.

ముందు జరిగింది చెప్పుకోవాలి. దోహాను ఆనుకుని ఉన్న అల్ రయ్యాన్‌లోని జాసిమ్ బిన్ హమద్ స్టేడియం. ఎదుట ఆసియా ఛాంపియన్ ఖతార్. అయితే గ్రూపులో మొదటి స్థానం అప్పటికే ఖాయమైపోయింది కాబట్టి వాళ్ళు ఎక్కువగా కుర్రాళ్ళనే దింపారు. సునీల్ ఛెత్రీ అయిదు రోజుల ముందు కోల్‌కతాలో వీడ్కోలు తీసుకున్నాడు, అతను లేని జట్టుకు గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధూ కెప్టెన్. 37వ నిమిషంలో లాలియన్‌జువాలా ఛాంగ్తే గోలు కొట్టాడు. ఆ ఒక్క గోలు ఆధిక్యంతోనే 73వ నిమిషం దాకా వచ్చారు. అప్పుడు ఖతార్ ఫ్రీకిక్ మీద యూసుఫ్ ఐమన్ హెడర్‌ను గుర్‌ప్రీత్ ఆపాడు. బంతి అతన్ని దాటి, గోల్‌పోస్టు పక్కగా గీత అవతలికి దొర్లింది. టీవీలో ఏ కోణం నుంచి చూసినా బయటే ఉంది. కార్నర్ ఇస్తారని మనవాళ్ళు నిలబడిపోయారు. అల్ హాష్మి హుస్సేన్ ఆ బంతిని కాలితో లోపలికి లాగాడు, ఐమన్ వలలోకి తన్నాడు. దక్షిణ కొరియా రిఫరీ కిమ్ వూ సంగ్ గోలు ఇచ్చాడు. మనవాళ్ళు చుట్టుముట్టి మొత్తుకున్నా మార్చలేదు. వీడియో చూసి సరిదిద్దే వీఏఆర్ ఆ రౌండ్‌లో లేదు. 85వ నిమిషంలో అహ్మద్ అల్ రావి రెండో గోలు కొట్టాడు. 2–1. అదే రాత్రి కువైట్ 1–0తో అఫ్గానిస్తాన్‌ను ఓడించి మూడో రౌండ్‌కు వెళ్ళింది, మనం ఇంటికొచ్చాం.

బంతి గీతను పూర్తిగా, నేల మీదనైనా గాలిలోనైనా, దాటితే ఆట ఆగినట్టే. ఫుట్‌బాల్ చట్టాల్లో ఇంతకన్నా తేలికైనది లేదు. ఆఫ్‌సైడ్ గురించి గంటలు వాదించుకోవచ్చు, చేతికి తగిలిందా లేదా అన్నదానికి ఉద్దేశాలు వెతకొచ్చు. గీత దాటడంలో అభిప్రాయానికి చోటే లేదు. కాబట్టి గోలు తప్పు అన్న దగ్గర రెండు పక్షాలకూ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతిదే: గోలు తప్పయినా ఫలితం సరైనదే కావచ్చుగా?

అలా అనేవాళ్ళ చేతిలో సాక్ష్యం బలంగానే ఉంది, దాన్ని కుదించకుండా చెప్పడం న్యాయం. ఇదే క్వాలిఫయర్ గ్రూపులో 2023 నవంబర్ 16న కువైట్ సిటీలో మన్వీర్ సింగ్ గోలుతో 1–0 గెలుపు, మంచి ఆరంభం. అయిదు రోజులకు భువనేశ్వర్‌లో ఖతార్ చేతిలో 0–3. సరే, అది ఊహించిందే. 2024 మార్చిలో సౌదీలోని అభాలో అఫ్గానిస్తాన్‌తో 0–0. అసలు గాయం ఆ తర్వాతది: మార్చి 26, గువాహటి. ఛెత్రీకి 150వ అంతర్జాతీయ మ్యాచ్, అతని పెనాల్టీతోనే ఆధిక్యం, సొంత ప్రేక్షకులు. 70వ నిమిషంలో రహ్మత్ అక్బరీ సమం చేశాడు, 88వ నిమిషంలో షరీఫ్ ముఖమ్మద్ పెనాల్టీ కొట్టాడు, 1–2. సొంత దేశంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడుకోలేని స్థితిలో ఉన్న అఫ్గాన్ జట్టు మన గడ్డ మీద మనల్ని ఓడించి వెళ్ళింది. జూన్ 6న సాల్ట్‌లేక్ స్టేడియంలో ఛెత్రీ వీడ్కోలు మ్యాచ్‌లో, గెలిస్తే దాదాపు గట్టున పడే రోజున, కువైట్‌తో 0–0. అయిదు మ్యాచుల్లో రెండే గోల్స్, అందులో ఒకటి పెనాల్టీ. ఈ జట్టుకు దోహాలో ఒక లైన్స్‌మన్ కన్ను దెబ్బకొట్టిందని చెప్పుకోవడం సిగ్గుగా లేదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

అయితే గువాహటి ఓటమికి మనం ఏం చెల్లించలేదు గనక? మూడు పాయింట్లు చెల్లించాం. అభాలో రెండు, కోల్‌కతాలో రెండు వదులుకున్నాం. ఆ తప్పులన్నీ పట్టికలో ఖర్చు రాసుకున్నాక మిగిలినవే అయిదు పాయింట్లు. ఆ అయిదింటితో ఆరో మ్యాచ్‌కు వెళ్ళినప్పుడు అఫ్గానిస్తాన్‌కూ అయిదే, కువైట్‌కు నాలుగు. అంటే అన్ని తప్పులూ లెక్కలోకి వచ్చాక కూడా తలుపు తెరిచే ఉంది. గెలిస్తే ఎనిమిది పాయింట్లతో లోపలికి వెళ్తాం, ఎవరి దయా అక్కర్లేదు. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ దాటినందుకు చలానా కట్టినవాణ్ణి, నెల తర్వాత పచ్చలైటులో సరిగ్గా వెళ్తుంటే ఆపి, నువ్వు ఆనాడు దాటావుగా అని మళ్ళీ రాస్తే ఊరుకుంటామా? గువాహటిలో చెత్తగా ఆడారు కాబట్టి దోహాలో తప్పుడు గోలు పడ్డా ఫరవాలేదనడం అదే పని. మార్చిలో చేసిన తప్పుకు మార్చిలోనే శిక్ష పడింది. జూన్ 11న 73వ నిమిషం దాకా ఆడిన ఆటకు తీర్పు జూన్ 11 ఆటే చెప్పాలి.

లీగ్ పద్ధతి పోటీలో అర్హతకు పాయింట్లను మించిన కొలత లేదని మనం మన గొప్పలు చెప్పుకునేటప్పుడు హాయిగా ఒప్పుకుంటాం. నాకౌట్ పోటీల్లో డ్రా పట్టికకూ ఆ మర్యాదే ఇస్తాం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఇప్పటికీ భారత ఫుట్‌బాల్‌కు పెద్ద కీర్తి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచ్. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ జట్టులో ఉన్నారు. ఆ నాలుగో స్థానం ఎలా వచ్చింది? మొదటి రౌండ్‌లో హంగరీ పోటీ నుంచి తప్పుకుంది, ఆడకుండానే ముందుకెళ్ళాం. ఆస్ట్రేలియాను 4–2తో ఓడించాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. తర్వాత యుగోస్లావియా చేతిలో 1–4, కాంస్యం కోసం బల్గేరియా చేతిలో 0–3. ఒక్క గెలుపుతో ప్రపంచంలో నాలుగోవాళ్ళమయ్యాం. దీన్ని ఎవరైనా చెల్లని స్థానమంటే హైదరాబాద్‌లోనే కాదు, విజయవాడలోనూ కొట్టేంత పనిచేస్తారు, సరిగ్గానే చేస్తారు. నియమాలు ఆ దారి చూపించాయి, జట్టు ఆ దారిన నడిచింది. నియమం మనకు కలిసొచ్చిన రోజు అది చాలునని, కలిసిరాని రోజు ఆటతీరు కూడా చూడాలని అంటే, అది కొలత కాదు, మూడ్.    

రెండో పక్షం ఇంకో మాట అంటుంది. తొంభై నిమిషాల ఆటలో ఒక్క నిర్ణయం మీద పడి ఏడవడమేమిటి, మిగతా సమయమంతా ఏం చేశారు? ఇది క్రికెట్ చూసి పెరిగిన ఊరి తర్కం. క్రికెట్‌లో ఒక తప్పు ఎల్బీడబ్ల్యూ పోతే ఇంకా తొమ్మిది వికెట్లున్నాయి, మూడొందల బంతుల్లో దెబ్బ సర్దుకోవచ్చు. ఫుట్‌బాల్‌లో మొత్తం సంపాదనే ఒకటో రెండో గోల్స్. అక్కడ ఒక గోలు తప్పుగా పడితే సగం ఆట పోయినట్టే. పైగా క్రికెట్‌లో కూడా ఈ తర్కాన్ని మనం పాటించిందెప్పుడు? 2008 జనవరి సిడ్నీ టెస్టులో ఆండ్రూ సైమండ్స్ 30 పరుగుల దగ్గర కీపర్‌కు క్యాచ్ ఇస్తే స్టీవ్ బక్నర్ ఔటివ్వలేదు. అతను 162 నాటౌట్‌గా నిలిచాడు. అయిదు రోజుల టెస్టు, నలభై వికెట్ల ఆట, మన లక్ష్మణ్ 109 కొట్టిన ఆట, అయినా ఆ నిర్ణయాన్ని ఈ రోజుకీ మరిచిపోలేదు. ఆ తర్వాతి పెర్త్ టెస్టుకు బక్నర్‌ను తప్పించారు కూడా. అయిదు రోజుల ఆటలో పడిన తప్పును పదహారేళ్ళయినా మోసేవాళ్ళు, తొంభై నిమిషాల ఆటలో పడిన తప్పును మర్నాడే మరిచిపొమ్మని చెప్పడం నాకు అర్థం కాదు. అసలు సంగతి అభిమానం ఎటుందన్నదే అనుకుంటా.

ఖతార్ ఎలాగూ కొట్టేది, చూడండి 85వ నిమిషంలో మళ్ళీ కొట్టింది కదా అన్నది మరో అభ్యంతరం. ఆధిక్యంలో ఉన్న జట్టు పన్నెండు నిమిషాలు ఆడే ఆట వేరు, కళ్ళెదుట అన్యాయం జరిగి రిఫరీతో పోట్లాడి అలిసిన జట్టు ఆడే ఆట వేరు. మొదటి గోలు లేకపోతే రెండోది పడేదో లేదో చెప్పలేం. చివరి పదిహేడు నిమిషాలు మనం తప్పకుండా కాచుకునేవాళ్ళమని కూడా నేను అనను. ఆ జట్టు గువాహటిలో ఆధిక్యాన్ని పోగొట్టుకున్నదే. కానీ తెలియని ఫలితాన్ని తెలిసినట్టు ఊహించి, ఆ ఊహతో తెలిసిన తప్పును మాఫీ చేయడం కుదరదు. విజిల్ ఊదేదాకా ఆడాలి కదా అన్నదానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. నిజమే, ఆడాలి. బడి మైదానంలో మొదట నేర్పేది అదే. అలా ఆగిపోయిన డిఫెండర్లకు కోచ్ చివాట్లు పెట్టాలి. అయితే అది ఆటగాడి నిర్లక్ష్యాన్ని చూపుతుందే తప్ప బయటున్న బంతిని లోపలికి తేలేదు. ఖతార్ అయినా ఏం చేసిందని అడగొచ్చు. 2019 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ రెండో అంచె లీగ్‌లో లీడ్స్ జట్టు, అవతలివాళ్ళు దెబ్బతగిలి ఆగిన సమయంలో గోలు కొడితే, కోచ్ మార్సెలో బియెల్సా తనవాళ్ళను పక్కకు తప్పుకోమని ఆస్టన్ విల్లాకు ఊరికే ఒక గోలు ఇప్పించాడు. గ్రూపులో మొదటి స్థానం చేతిలో ఉన్న జట్టుకు ఆ రాత్రి అలాంటి మర్యాదకు ఖర్చేమీ లేదు. అయినా మర్యాదను హక్కుగా అడగలేం.

అడగగలిగింది చట్టాన్నే, అక్కడ చట్టం మనవైపు లేదు. గోలు అయిందా కాదా అన్నదానితో సహా ఆటలోని వాస్తవాల మీద రిఫరీ మాటే తుది మాట. భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు కల్యాణ్ చౌబే విచారణ కోరుతూ ఫీఫాకూ ఆసియా సమాఖ్యకూ ఫిర్యాదు పంపారు, ఫలితం మారలేదు. మారుతుందని ఆశించినవాళ్ళు తాష్కెంట్ కథ తెలుసుకోవాలి. 2005 సెప్టెంబర్ 3న బహ్రెయిన్‌తో ప్రపంచకప్ ప్లేఆఫ్‌లో ఉజ్బెకిస్తాన్ 1–0తో ముందుంది, పెనాల్టీ కూడా కొట్టింది. కొట్టేముందు వాళ్ళ ఆటగాడు పెట్టెలోకి చొరబడ్డాడని జపాన్ రిఫరీ తొషిమిత్సు యోషిదా గోలు రద్దుచేసి బహ్రెయిన్‌కు ఫ్రీకిక్ ఇచ్చాడు. చట్టం ప్రకారం పెనాల్టీ మళ్ళీ కొట్టించాలి. ఇది చూడటంలో పొరపాటు కాదు, చట్టమే తప్పుగా అమలైంది కాబట్టి ఫీఫా మ్యాచ్‌నే రద్దుచేసింది. ఫిర్యాదు చేసింది ఉజ్బెక్‌లు. మ్యాచ్‌ను 3–0గా తమకే ఇవ్వమన్నారు. వాళ్ళకు దక్కింది మళ్ళీ ఆట, అది 1–1 అయింది, మనామాలో 0–0, చివరికి బహ్రెయిన్ ముందుకెళ్ళింది. గెలిచిన మ్యాచ్‌ను న్యాయం కోసం పోగొట్టుకున్నారు! దోహాలో రిఫరీకి చట్టం తెలియక కాదు, బంతి కనబడక తప్పు చేశాడు. అలాంటి తప్పుకు రీప్లే ఉండదు. 2009 నవంబర్‌లో పారిస్ శివారులో థియరీ హెన్రీ బంతిని చేత్తో ఆపి గాలస్‌కు అందిస్తే ఫ్రాన్స్ ప్రపంచకప్‌కు వెళ్ళింది, ఐర్లండ్ ఆగిపోయింది. రీప్లే అడిగితే ఫీఫా కాదంది. కోర్టుకు వెళ్ళకుండా ఐర్లండ్ సమాఖ్యకు 50 లక్షల యూరోలు ముట్టజెప్పిన సంగతి 2015లో బయటపడింది. ఫలితం చట్టబద్ధమే అయినా న్యాయమైనది కాదని, డబ్బిచ్చినవాళ్ళకూ తెలుసన్నమాట.

ఇక మొదటి పక్షం. ప్రపంచకప్‌నే లాక్కున్నారన్న మాట వినసొంపుగా ఉంటుంది కానీ నిలవదు. మనం పోగొట్టుకున్నది 18 జట్ల మూడో రౌండ్‌లో ఒక చోటు, 2027 ఆసియా కప్‌కు నేరుగా వెళ్ళే టికెట్టు. మూడో రౌండ్‌లో జపాన్, ఇరాన్, ఆస్ట్రేలియాల స్థాయి జట్లుంటాయి. 121వ ర్యాంకు జట్టు అక్కడి నుంచి ప్రపంచకప్‌కు వెళ్ళేదని నమ్మాలంటే చాలా భక్తి కావాలి. కానీ ఆసియా కప్ టికెట్టు చిన్నదేం కాదు. అది చేజారాక మళ్ళీ క్వాలిఫయర్లు ఆడాల్సొచ్చింది. అప్పటి కోచ్ స్టిమాచ్‌ను వారం తిరక్కుండానే తీసేశారు. కొత్త కోచ్ మనోలో మార్క్వెజ్ తొలి పరీక్ష మన గచ్చిబౌలిలోనే, 2024 సెప్టెంబర్ ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో: మారిషస్‌తో 0–0, సిరియా చేతిలో 0–3. ఆ తర్వాత షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0–0, హాంకాంగ్‌లో ఆఖరి క్షణాల పెనాల్టీతో 0–1, కోచ్ మళ్ళీ మారాక 2025 అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ చేతిలో 1–2. ఆసియా కప్ కూడా పోయింది. చూశారా, ఆ జట్టుకు అర్హత లేదని అప్పుడే చెప్పామని రెండో పక్షం మళ్ళీ లేస్తుంది. 2025లో ఓడటం 2024లో బంతి గీత దాటలేదనడానికి సాక్ష్యం కాదు. ఆ జట్టు బలహీనమైనదనడానికి మాత్రం సాక్ష్యమే. బలహీనమైన జట్టుకు ఒక గెలుపు దొరకబోయిన రోజున దాన్ని తప్పుడు గోలుతో తీసేశారంటే, అన్యాయం పెరుగుతుందే గానీ తగ్గదు. బలమైన జట్టు ఇంకో రోజు సంపాదించుకుంటుంది.

ఆ బలహీన జట్ల సంగతే ఈ వాదనలో ఎవరూ ఎత్తని సంగతి. 2022 డిసెంబర్ 1న ప్రపంచకప్‌లో, ఇదే అల్ రయ్యాన్‌లోని ఖలీఫా స్టేడియంలో, జపాన్ మిటోమా గీత మీద నుంచి బంతిని వెనక్కి తిప్పాడు, తనాకా గోలు కొట్టాడు. బంతి బయటికి పోయిందని ప్రపంచమంతా అనుకుంది. వీఏఆర్ చూసి, పైనుంచి చూస్తే బంతి అంచు గీత మీద వెంట్రుకవాసి మిగిలే ఉందని తేల్చి గోలు ఇచ్చింది. స్పెయిన్ 2–1తో ఓడింది, జర్మనీ ఇంటికెళ్ళింది, ఎవరూ నోరెత్తలేకపోయారు. ఏడాదిన్నర తర్వాత అదే ఊళ్ళో బంతి వెంట్రుకవాసి కాదు, నిండుగా బయటుంటే చూసే కెమెరా లేదు. ఆ ఆసియా క్వాలిఫయర్లలో వీఏఆర్ మొదలైంది మూడో రౌండ్ నుంచే. రెండో రౌండ్‌లో 36 జట్లు, 108 మ్యాచులు. మూడో రౌండ్‌లో 18 జట్లు, 90 మ్యాచులు. ఖర్చు కారణమంటే ఆ రెండు సంఖ్యల మధ్య తేడా అంతేమీ లేదు. కొన్ని దేశాల మైదానాల్లో పరికరాలు, శిక్షణ పొందిన మనుషులు లేరన్నది నిజమైన ఇబ్బందే. తటస్థ వేదికల్లో ఆడే అఫ్గానిస్తాన్ లాంటి జట్ల మ్యాచులకు అది వర్తిస్తుంది కూడా. జాసిమ్ బిన్ హమద్ స్టేడియానికి వర్తించదు. 2024 జనవరి, ఫిబ్రవరుల్లో జరిగిన ఆసియా కప్‌కు అదీ ఒక వేదిక. ఆ టోర్నీలో మొదటి మ్యాచ్ నుంచి చివరిదాకా 51 మ్యాచులకూ వీఏఆర్ ఉంది. నాలుగు నెలల కిందట ఆ మైదానంలోనే పనిచేసిన కెమెరాలు జూన్ 11న ఎందుకు లేవో మన సమాఖ్య అడగాలి, తనతోపాటు ఆ రౌండ్‌లో ఇంటికెళ్ళిన మిగతా 17 జట్లనూ కలుపుకుని అడగాలి.